మికొలాయివ్‌లో కరెంటు

విహాన్‌ని డేకేర్‌లో చేర్చిన కొత్తలో సంహిత ఆఫీసులో పని చేసినదానికన్నా ఫోన్‌లో కెమెరా చూసిందే ఎక్కువ. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఆ డేకేర్‌కి అంత గిరాకీ రావడానికి కారణమే ఆ కెమెరాలు. తల్లిదండ్రులు ఎక్కడున్నా తమ పిల్లలున్న గదిని చూసుకోవచ్చు. పసివాడు పడుకున్నాడా, పాలు తాగాడా, పక్కపిల్ల వాడి బొమ్మ లాక్కుందా, అన్నీ తెలుస్తాయి. చూసేకొద్దీ ఆరాటం తగ్గాల్సింది పోయి పెరుగుతోందని ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన సంహితకి అర్థమవుతూనే ఉంది. అయినా మానలేకపోయింది.

ఆ కెమెరాలోనే ఆమెకి సొలోమియా మొదట కనిపించింది. ఇరవై దాటిన పిల్ల, లేత గోధుమరంగు జుట్టు, ఒంటిజడ, చారల ఏప్రన్. పిల్లల్ని ఎత్తుకునే తీరులో వంక పెట్టడానికేమీ లేదు. కాని ఉండుండి ఏప్రన్ జేబులోంచి ఫోన్ తీసి చూసేది. చూసి లోపల పెట్టేది. మళ్ళీ కాసేపటికి అదే వరస. ఒకరోజు విహాన్ బల్ల కిందికి పాకుతుండగా ఆ పిల్ల ఫోన్ తీయడం చూసి సంహితకి ఒళ్ళు మండిపోయింది. మీటింగ్ మధ్యలో లేచి, హైవే ఎక్కి, నేరుగా డేకేర్‌లో దిగింది.

"మావాడు బల్ల కింద దూరుతుంటే నువ్వు ఫోన్ చూస్తున్నావు. నా కళ్ళతో చూశాను. కాదనకు."

సొలోమియా కాదనలేదు. జేబులోంచి ఫోన్ తీసి సంహిత చేతికిచ్చింది. నల్లటి తెర, మధ్యలో ఒక ఆకుపచ్చ చుక్క. ఇంకేమీ లేదు.

"నేను ఎవరితోనూ మాట్లాడటం లేదండీ. అది మా అమ్మ ఇంట్లో కరెంటు."

యుద్ధం జరుగుతున్న వాళ్ళ దేశంలో, మికొలాయివ్ అనే ఊళ్ళో వాళ్ళమ్మ ఉంటోంది. ఆ ఇంట్లో ఇంటర్నెట్ రౌటర్ ఉంది. ఈ ఫోన్ నిమిషానికోసారి ఆ రౌటర్‌ని పలకరిస్తుంది. రౌటర్ పలికితే ఇంట్లో కరెంటు ఉన్నట్టు, చుక్క ఆకుపచ్చగా ఉంటుంది. పలక్కపోతే బూడిదరంగులోకి మారుతుంది. చలికాలంలో అక్కడ కరెంటు ఉంటేనే హీటర్, హీటర్ ఉంటేనే ప్రాణం.

"మా దేశంలో చాలామంది ఇలాగే చూసుకుంటారు. నాది నేనే రాసుకున్నాను" అంది సొలోమియా.

"నువ్వే? ఎక్కడ నేర్చుకున్నావు?"

"వీడియోలు చూసి. మొదట్లో చుక్క ఎప్పుడూ బూడిదరంగులోనే ఉండేది. అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను. తీరా చూస్తే కరెంటు ఉంది, తప్పు నా కోడ్‌లో ఉంది."

తిట్టడానికి వచ్చిన సంహిత పిల్లాణ్ణి చంకనేసుకుని తిరిగి వెళ్ళిపోయింది. దారిలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అలవాటుగా కెమెరా తెరిచింది. పిల్లాడు వెనక సీట్లోనే ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చింది.

* * *

సొలోమియా ఓడలు కట్టే ఊళ్ళో పుట్టింది. తండ్రి ఆమె చిన్నప్పుడే పోయాడు. తల్లి లారీసా ట్రాలీబస్సు నడుపుతుంది. పైన తీగల మీది కరెంటుతో నడిచే బస్సు అది. స్టేషన్ నుంచి పెద్దాసుపత్రి దాకా ఆమె రూటు. కూతురు ఓడల నిర్మాణం చదువుతూ రెండో సంవత్సరంలో ఉండగా యుద్ధం వచ్చింది. కాలేజీ మూతపడింది. ఊరికి నీళ్ళిచ్చే గొట్టాలు పేలిపోయి, కుళాయిల్లో ఉప్పునీళ్ళు వచ్చాయి. లారీసా కూతుర్ని సరిహద్దు దాటే బస్సెక్కించి, తాను మాత్రం కిందే నిలబడిపోయింది. "నేనూ వచ్చేస్తే నర్సులు ఆసుపత్రికి ఎలా వెళ్తారే?" అందట.

వార్సాలో గిన్నెలు కడిగింది సొలోమియా. అక్కణ్ణుంచి ఒక చర్చివాళ్ళ పూచీ మీద టెక్సస్ వచ్చింది. ఓడల లెక్కలు సగంలో వదిలేసిన పిల్లకి పసిపిల్లల పని దొరికింది.

ఇదంతా సంహితకి ఒక్కరోజులో తెలియలేదు. సాయంత్రం పిల్లాణ్ణి తీసుకోవడానికి వెళ్ళినప్పుడల్లా ఒక ముక్క వినేది. ఒకరోజు ఉండబట్టలేక, "శనివారం మా ఇంటికి రా. నేను చేసే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పిస్తాను. నీకు పనికొస్తుంది" అంది.

శనివారాలు అలా మొదలయ్యాయి. వంటింటి బల్ల మీద రెండు లాప్‌టాప్‌లు, కింద విహాన్, పొయ్యి దగ్గర సంహిత అత్తగారు పద్మజ. ఆవిడ మనవడి కోసం తెనాలి నుంచి వచ్చింది. ఇంగ్లీషు రాదు. రాదని మాట్లాడటం ఏనాడూ ఆపలేదు.

"ఏమే సంహితా, ఈ పిల్లేంటి వెన్నుపూసలు లెక్కపెట్టేటట్టుంది? చదువు తర్వాత, ముందు ఇంత ఉప్మా తిననియ్యి."

"క్లాస్ జరుగుతోంది అత్తయ్యా."

"క్లాసుకి కడుపుండదా?"

సొలోమియా చెవిన పడింది ఆ ఒక్క పిలుపే. తరువాతి శనివారం గుమ్మంలోకి వస్తూనే, "అత్తయ్యా, నమస్తే" అంది. పద్మజ మురిసిపోయింది. హాల్లో క్రికెట్ చూస్తున్న సంహిత భర్త రాజీవ్ తల పట్టుకున్నాడు.

"అయిపోయింది. మా అమ్మకి ఇంకో కోడలు దొరికింది. ఉన్న ఒక్కదానికే నేను జవాబు చెప్పుకోలేక చస్తున్నాను."

"నోర్మూసుకుని టీవీ చూసుకోరా" అంది పద్మజ.

సొలోమియా చురుకు. చెప్పింది చెప్పినట్టు నమ్మదు, తనంతట తాను చేసి చూడాలి. తప్పు దొరికితే సొంత తమ్ముడు దొరికినంత సంబరం. సంహితకి ఇరవై మందికి పాఠం చెప్పిన అనుభవం ఉంది గాని, ఇంత ఆకలిగా నేర్చుకునే మనిషిని చూడలేదు. మధ్యమధ్య చుక్కకేసి చూసేది. ఆకుపచ్చగా ఉంటే పాఠంలో పడేది. బూడిదరంగయితే వేళ్ళు కీబోర్డు మీద ఉన్నా మనసు ఇక్కడ ఉండేది కాదు. ఆ సంగతి లారీసాకీ తెలుసు. "చుక్క పోయినప్పుడు నువ్వు చదవలేదు కదూ?" అని ఫోన్‌లో అడిగేదట. సొలోమియాకి అబద్ధం చెప్పడం చేతకాదు.

ఉద్యోగం వెతికే సమయం వచ్చినప్పుడు రాజీవ్ ఉత్సాహంగా సలహా ఇచ్చాడు.

"రెజ్యూమేలో మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెట్టేద్దాం. ఏదో ఒక బ్యాంక్ ప్రాజెక్ట్ అని రాద్దాం. మనవాళ్ళు సగంమంది అలా వచ్చినవాళ్ళే."

"నీ సంగతి చెబుతున్నావా?" అంది సంహిత.

"నాది రెండేళ్ళే పెట్టారు. నేను నీతిమంతుణ్ణి."

సొలోమియా నవ్వింది గాని ఒప్పుకోలేదు. "నాకు బ్యాంక్ గురించి తెలియదు. చుక్క గురించి అడిగితే ఎంతసేపైనా చెబుతాను" అంది. రెండు కంపెనీలు చుక్క కథ విని అయ్యో పాపమన్నాయి, మళ్ళీ పిలవలేదు. మూడోది సంహిత పనిచేసే కంపెనీయే. ఆసుపత్రులు, గిడ్డంగుల్లో మందులు దాచే ఫ్రిజ్‌లకి సెన్సర్లు పెట్టి, లోపలి చల్లదనాన్ని కనిపెట్టే పని వాళ్ళది. మేనేజర్ చుక్క గురించి ఎన్నో ప్రశ్నలు వేసి, కాంట్రాక్టు మీద తీసుకున్నాడు. ఆ శనివారం పొద్దున్నే పద్మజ పాయసం వండింది. సొలోమియా వీడియోలో తల్లికి పాయసం గిన్నె చూపించింది. అవతల లారీసా గట్టిగా ఏదో అంటూ చప్పట్లు కొట్టింది. పొట్టి మనిషి, ఎర్రటి చేతులు, ముందు పన్ను ఒకటి బంగారం.

"ఏమంటోంది మీ అమ్మ?" అంది పద్మజ. సంహిత ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది.

"ఇక నుంచి నువ్వు నా గురించి కాదు, ఫ్రిజ్‌ల గురించి బెంగపెట్టుకో అంటోంది."

* * *

ఆ ఏడు చలికాలం ముందరే తల్లీకూతుళ్ళకి పెద్ద గొడవైంది. ఊళ్ళో కరెంటు కేంద్రాల మీద దాడులు ఎక్కువయ్యాయి. చెర్నివ్‌త్సీలో పిన్ని ఉంది, కొండల దగ్గరి ఊరు, అక్కడ కాస్త నయం. చలి ముదరకముందే అక్కడికి వెళ్ళిపొమ్మని సొలోమియా పోరింది. లారీసా వినలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఇంట్లో ఒక పగలూ ఒక రాత్రీ ఏకధాటిగా కరెంటు లేకపోతే లారీసా మారుమాట్లాడకుండా బండెక్కాలి. సాక్షి ఆ చుక్కే.

"మా అమ్మ మాటిస్తే తప్పదు" అని సొలోమియా ధీమాగా చెప్పింది.

అక్టోబర్ వెళ్ళింది, నవంబర్ వచ్చింది. చుక్క ఆకుపచ్చగానే ఉంది. వాళ్ళ వీధిని ఆసుపత్రి లైనుకి కలిపారని, ఆ లైను ఎవరూ ఆపరని లారీసా చెప్పింది. సొలోమియా ముఖంలో రక్తం కనబడటం మొదలైంది. థాంక్స్‌గివింగ్‌కి సంహితావాళ్ళతో కలిసి ప్లేనోలో స్నేహితులింటికి వెళ్ళి, పిల్లలతో సమానంగా పరుగులు తీసింది. ఫోన్ చూడటం కూడా తగ్గింది. తల్లి వీడియో చేయడం మానేసి మామూలు కాల్ చేస్తోందని ఒకసారి అన్నప్పుడు, "నెట్ నెమ్మదిగా ఉందేమో" అంది సంహిత. పనిలో పడి ఇద్దరూ ఆ సంగతి మర్చిపోయారు.

సెన్సర్ల పనిలో కొత్తగా చేరినవాళ్ళకి సంహిత తప్పనిసరిగా చెప్పే పాఠం ఒకటుంది. నిజమైన ఫ్రిజ్ నిలకడగా ఉండదు. ఎవరో తలుపు తీస్తారు, వేడి లోపలికి పోతుంది, గీత లేస్తుంది, మళ్ళీ దిగుతుంది. ఒక గీత లేవకుండా, దిగకుండా సాఫీగా సాగిందంటే సంతోషించకూడదు, అనుమానించాలి. ఒక గిడ్డంగిలో అలారాల గోల పడలేక పనివాళ్ళు సెన్సర్‌ని తీసి ఐసుగడ్డల గ్లాసులో పెట్టేశారు. గీత ముచ్చటగా ఉంది. మందులన్నీ పాడైపోయాయి. సొలోమియా ఆ కథ విని, "పనివాళ్ళు తెలివైనవాళ్ళే" అని నవ్వింది.

వాళ్ళ టీమ్‌లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తవాళ్ళు తాము సొంతంగా చేసినదేదైనా ఒక శుక్రవారం అందరికీ చూపించాలి. సొలోమియా తన చుక్కనే ఎంచుకుంది. ఇన్నాళ్ళూ అది దాచిపెట్టిన సమాచారాన్నంతా గీతలుగా గీసింది. ఆ పొద్దున్న చిన్న మీటింగ్ రూమ్‌లో ముందుగా సంహితకి చూపించింది.

"ఇది మొదటి చలికాలం."

గీత పళ్ళూడిన దువ్వెనలా ఉంది. కరెంటు వచ్చింది, పోయింది, వచ్చింది, పోయింది.

"ఇది పోయినేడాది." అదీ అంతే.

"ఇది ఇప్పుడు. ఆసుపత్రి లైను." గర్వంగా చెప్పింది.

తెర మీద ఒక గీత, స్కేలు పెట్టి గీసినట్టు, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా. ఊరు ఊరంతా చీకటైందని వార్తల్లో వచ్చిన రోజున కూడా అది వణకలేదు.

సంహిత కాఫీ తాగుతోంది. ఏ గీత చూసినా ఏమంటుందో అదే అనేసింది. "ఇంత సాఫీగా ఉందేంటి? ఎవరో సెన్సర్‌ని గ్లాసులో..."

నోరు జారాక గాని ఏమంటోందో ఆమెకి తెలియలేదు.

సొలోమియా తెర వంకే చూస్తోంది. "బ్యాటరీ" అంది చివరికి. "రౌటర్‌కి బ్యాటరీ పెట్టింది, ఇంట్లో కరెంటు పోయినా అది పలుకుతుంది. ట్రాలీబస్ డిపోలో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. అడిగితే ఐదు నిమిషాల్లో కట్టిస్తాడు."

"తొందరపడకు. నిజంగానే ఆసుపత్రి లైనేమో..."

"ఆసుపత్రికే ఆ రోజు కరెంటు లేదు సంహితా. నేను చదివాను. చదివి కూడా..."

అక్కడే కాల్ చేసింది. వీడియో. చాలాసేపు మోగింది. ఎత్తినప్పుడు తెర నల్లగా ఉంది. సొలోమియా గొంతు హెచ్చించి ఏదో అంది. అవతల అగ్గిపుల్ల గీసిన చప్పుడు, తరువాత కొవ్వొత్తి వెలుగు. ఆ వెలుగులో లారీసా కనబడింది. ఇంట్లోనే ఓవర్‌కోటు, తలకి ఉన్ని టోపీ, భుజాల మీద దుప్పటి. నోరు తెరిస్తే ఆవిరి వస్తోంది. మాటమాటకీ దగ్గు.

వాళ్ళ భాష సంహితకి ఒక్క ముక్క తెలియదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు. కూతురు అరిచింది, బతిమాలింది, మళ్ళీ అరిచింది. తల్లి తప్పుచేసి దొరికిపోయిన పిల్లలా నవ్వింది. బంగారు పన్ను మెరిసింది. తరువాత ఏదో అడిగింది. సొలోమియా ఫోన్‌ని ఇటు తిప్పింది.

"ఎలా కనిపెట్టావు, ఎవరు నేర్పారు అని అడుగుతోంది. నువ్వు అని చెప్పాను. నిన్ను చూడాలట."

సంహిత చేయెత్తి నమస్కారం పెట్టింది. లారీసా తల ఊపి ఒక మాటంది. మళ్ళీ దగ్గు తెర వచ్చి దుప్పటిలో ముఖం దాచుకుంది.

"ఏమన్నారు?"

"మంచి టీచర్ అంది."

ఫోన్ పెట్టేశాక సొలోమియా గోడకి చేరగిలబడింది. "ఆదివారం పిన్ని దగ్గరికి వెళ్తానని ఒట్టేసింది. రెండు నెలల నుంచి వేడి లేని ఇంట్లో ఉంది. బ్యాటరీతో తను దీపమైనా వెలిగించుకోలేదు. అదంతా రౌటర్‌కే. చుక్క పోతే నేను పని మానేసి కూర్చుంటానట." ఉన్నట్టుండి సంహిత వైపు తిరిగింది. "నువ్వు ఇవాళ ఒక్క చూపులో కనిపెట్టావే. నెల ముందు చెప్పి ఉండకూడదూ?"

నెల ముందు గీత లేదు, ఒట్టి చుక్కే ఉంది, చుక్కని చూసి ఎవరూ చెప్పలేరు. అది జవాబే. కాని వీడియో ఎందుకు చేయడం లేదో తానూ ఒక్కసారి అడగలేదని సంహితకి గుర్తొచ్చింది.

* * *

ఆదివారం లారీసా బండెక్కలేదు. శనివారం పొద్దున్నే కింది అంతస్తులో ఉండే జోయా తలుపు తట్టి, ఎవరూ తీయకపోతే తాళం బద్దలుకొట్టించింది. ఆసుపత్రిలో చేర్చారు. ఏళ్ళ తరబడి తాను నర్సుల్ని దింపిన ఆసుపత్రే.

"దగ్గుతోందని మీరు చెబితేనే అనుకున్నా. నెమ్ము చేసుంటుంది" అంది పద్మజ. ఆ పిల్లని వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి పోనివ్వలేదు. తన గదిలోనే పడుకోబెట్టుకుంది.

సొలోమియా బయల్దేరతానంది. పెరోల్ అనే తాత్కాలిక అనుమతి మీద వచ్చిన మనిషి దేశం దాటితే మళ్ళీ రానివ్వకపోవచ్చని లాయర్ చెప్పాడు. హెచ్‌వన్‌బీ స్టాంపింగ్ భయంతో చెల్లెలి పెళ్ళికి కూడా వెళ్ళలేకపోయిన రాజీవ్ టీవీ కట్టేసి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "రానివ్వకపోతే పోనీ" అని సొలోమియా బట్టలు సర్దింది. జోయా ఫోన్ పట్టుకుని లారీసా మంచం పక్కన నిలబడింది. ముక్కుకి గొట్టం ఉంది. లారీసా మాట్లాడలేక వేలు అటూ ఇటూ ఆడించింది, వద్దని. ఆ వేలు చూసి కూడా సొలోమియా టికెట్ కొంది. బుధవారానికి. మంగళవారమే కబురొచ్చింది.

సమాధి చేసేది ఇక్కడ తెల్లవారే వేళకి. హాల్లో సోఫా మీద సొలోమియా, ఒక పక్క పద్మజ, ఇంకో పక్క సంహిత. జోయా చేతిలో ఫోన్ ఊగుతోంది. మంచులో నడుస్తున్నారు. డిపో వాళ్ళు యూనిఫారాల్లో వచ్చారు. శవపేటికని తీసుకెళ్తున్న వ్యాను ఆసుపత్రి రోడ్డెక్కింది. ఆ రోడ్డు పొడవునా ట్రాలీబస్సులు వరసగా ఆగి ఉన్నాయి.

"మీ అమ్మ కోసం నిలబెట్టారా?" అంది సంహిత మెల్లగా.

"కాదు. కరెంటు లేదు" అంది సొలోమియా.

పద్మజకి ఇద్దరి మాటలూ అర్థం కాలేదు. ఆ పిల్ల వీపు నిమురుతూ, "ఏడవ్వేం తల్లీ, ఏడువు" అంది. సొలోమియా ఏడవలేదు. విహాన్ నిద్రలేచి, కళ్ళు నులుముకుంటూ వచ్చి, ఒళ్ళోకి ఎక్కించుకొమ్మని ఆమెకే చేతులు చాచాడు. ఎత్తుకుంది.

* * *

వారం తిరిగాక సొలోమియా పనిలోకి వచ్చింది. ఎవరు ఏం చెప్పినా తల ఊపుతోంది. బల్ల మీద ఫోన్ పెట్టుకుంది. అందులో చుక్క ఆకుపచ్చగా ఉంది. ఎవరూ లేని ఇంట్లో, కరెంటు వచ్చినప్పుడు బ్యాటరీ నిండుతోంది, పోయినప్పుడు రౌటర్‌ని నిలబెడుతోంది. సంహితకి ఆ చుక్క వైపు చూడాలంటేనే భయం వేసింది. తీసెయ్యమని అనడానికి తానెవరు?

మధ్యాహ్నం ఇద్దరూ కారులో కూర్చుని పద్మజ కట్టిచ్చిన పెరుగన్నం తింటుండగా జోయా ఫోన్ చేసింది. సొలోమియా విన్నది. ఒక ప్రశ్న వేసింది. మళ్ళీ విన్నది. చివరికి ఒకే ఒక్క మాట చెప్పి పెట్టేసింది.

"ఏమిటట?"

"ఇల్లు సర్దుతోంది. మూడో అంతస్తులో ఒక బాలింత ఉందట. రాత్రిళ్ళు చీకట్లో పిల్లకి పాలు పట్టలేకపోతోంది. అమ్మ బ్యాటరీ విప్పి ఆమెకి ఇవ్వనా, రౌటర్ ఆగిపోతుంది మరి అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"ఇమ్మన్నాను."

అన్నం డబ్బా మూతపెట్టి ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. లంచ్ ముగించుకున్న జనం ఎండలో నవ్వుకుంటూ కార్ల మధ్య నుంచి వెళ్తున్నారు. కాసేపటికి చుక్క బూడిదరంగులోకి మారింది.

సంహిత ఆమె చెయ్యి పట్టుకుంది. ఏదో ఒకటి మాట్లాడాలని, "అక్కడ కరెంటు పోయినట్టే ఉంది, ఇలా చూస్తే" అంది.

"లేదు" అంది సొలోమియా. "జోయా చెప్పింది. ఇవాళ పొద్దుట్నుంచీ కరెంటు ఉందట. ఇంట్లో హీటర్ కూడా వేసిందట."

అప్పుడు ఏడ్చింది.